ఒంగోలు మిత్రునికి, విశ్వవిద్యాలయ రంగస్థలం గురించి

నెల్లూరు

ప్రియమైన మిత్రునికి,

ఉభయకుశలోపరి. నీ ఉత్తరం అందింది. మీ ఊరికి ఆంధ్రకేసరి పేర విశ్వవిద్యాలయం వచ్చింది కనుక దానికంటూ ఒక నాటకశాల, ఒక చిత్రశాల ఉంటే బాగుంటుందని మీ నాటకాభిమానులంతా అనుకుంటున్నారనీ, దానిమీద నా అభిప్రాయం చెప్పమనీ రాశావు. పద్యనాటకాలకు హార్మోనియం వాయిస్తూ నానా వేదికలూ ఎక్కినవాడినని నన్ను అడిగి ఉంటావు. నా మాట ముందే చెప్పేస్తాను. సాయంత్రం ఆరు గంటలకు ఊళ్ళోవాళ్ళు అక్కడికి ఎలా వస్తారు, రాత్రి తొమ్మిదిన్నరకు ఇళ్ళకు ఎలా చేరతారు అన్నది మొదట తేల్చుకోండి. భవనం సంగతి ఆ తరువాత.

మా సంగతే చూడు. మీ కళాశాలలు ఇదివరకు నాగార్జున విశ్వవిద్యాలయం కింద ఉన్నట్టే మావి తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం కింద ఉండేవి. 2008లో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఏర్పడింది. దాని ప్రాంగణం ఊరికి దూరంగా, జాతీయ రహదారి మీద, కాకుటూరులో ఉంది. నెల్లూరులో నాటకమైనా, సంగీత సభ అయినా, పుస్తకావిష్కరణ అయినా, సంతాప సభ అయినా జనం కాళ్ళు అలవాటుగా నడిచేది రేబాల లక్ష్మీనరసారెడ్డి పురమందిరానికే. ఎనభై ఏళ్ళ పెద్దాయన కూడా రిక్షానో ఆటోనో మాట్లాడుకుని వచ్చి, ముందు వరసలో కూర్చుని, పద్యం నచ్చితే వన్స్‌మోర్ అని కేకవేసి వెళ్ళగలడు. ఆయన కాకుటూరు వెళ్ళలేడు. అక్కడి వసతిగృహంలో ఉండే పిల్లలేమో సాయంత్రం పూట ఊళ్ళోకి వచ్చి నాటకం చూసి తిరిగి వెళ్ళలేరు. చదువుకునేవాళ్ళూ రసికులూ ఒకే జిల్లాలో ఉండి ఒకరి మొహం ఒకరు చూడకపోవడం కంటే విడ్డూరం ఏముంటుంది?

ఇదే చిక్కును హైదరాబాదు వాళ్ళు ఒక విధంగా పరిష్కరించుకున్నారు. అక్కడి కేంద్రీయ విశ్వవిద్యాలయం 1974లో ఏర్పడినప్పుడు మొదలైంది గచ్చిబౌలిలో కాదు, నాంపల్లి దగ్గర సరోజినీ నాయుడు గారి కుటుంబం నివసించిన గోల్డెన్ త్రెషోల్డ్ అనే ఇంట్లో. ఆ ఇంటిని ఆమె కుమార్తె పద్మజా నాయుడు గారు విశ్వవిద్యాలయానికి ఇచ్చారు. తరువాత విశ్వవిద్యాలయం విశాలమైన గచ్చిబౌలి ప్రాంగణానికి తరలివెళ్ళింది, 1988లో అక్కడ సరోజినీ నాయుడు పేరనే నృత్య, నాటక, చిత్రకళలు నేర్పే శాఖలు ఏర్పడ్డాయి. అయినా నగరం నడిబొడ్డున ఉన్న ఆ పాత ఇల్లు విశ్వవిద్యాలయం చేతిలోనే ఉండిపోయి, నాటక శిక్షణలకూ చిన్న ప్రదర్శనలకూ ఉపయోగపడింది. చదువు ఊరి బయట, కళ ఊరి మధ్యన. మీకు నేను చెప్పదలచినది ఇంచుమించు ఇదే.

తెలుగు విశ్వవిద్యాలయం మరొక తీరు. రామారావు గారి ప్రభుత్వం 1985లో సాహిత్య, సంగీత నాటక, లలితకళా అకాడమీలను కలిపేసి దాన్ని స్థాపించి, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో, రైలు దిగి నడిచి వెళ్ళేటంత దగ్గరలో ఉంచింది. అందుకే అక్కడి ఎన్టీఆర్ కళామందిరానికి తరగతులతో ఏ సంబంధమూ లేని శ్రోతలు కూడా వస్తారు. ఇంకా మెచ్చుకోవలసినది, కూచిపూడి నేర్పే పీఠాన్ని రాజధానికి లాక్కురాకుండా కూచిపూడిలోనే ఉంచడం. (ఆ విశ్వవిద్యాలయానికి ఉన్న పొట్టి శ్రీరాములు గారి పేరు మార్చి, తెలంగాణ శాసనసభ 2025లో సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టింది. సురవరం వారు మహానుభావులే, ఆ పేరుకు అభ్యంతరం చెప్పను. కానీ నెల్లూరు జిల్లావాడిగా నాకు కాస్త గుచ్చుకున్నదని నీతో చెప్పకుండా ఉండలేను.)

మీవాళ్ళలో ఎవరో విశాఖలోని ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో ఉన్నటువంటి ఆరుబయలు రంగస్థలం కావాలంటున్నారని రాశావు. అది అందమైన వేదిక, సందేహం లేదు. కూర్మా వేణుగోపాలస్వామి గారి వంటివారి కృషితో ఆ విశ్వవిద్యాలయంలో నాటకప్రయోగం వేళ్ళూనుకున్న సంగతీ తెలిసినదే. అయితే మన తీరంలో వానలు ఎక్కువగా పడేది ఈశాన్య రుతుపవనాలప్పుడు, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కళాశాలల ఉత్సవాలు జోరుగా సాగవలసిన నెలలూ అవే. వేసవిలో సరే, రాత్రి ఎనిమిదైనా రాతిమెట్ల వేడి తగ్గదు. ఆరుబయలు వేదిక ఉండనీ, దానితో పాటు కప్పు ఉన్న చిన్న శాల ఒకటి తప్పనిసరి.

ఆ శాల కూడా నాటకానికే కట్టించమని పట్టుబట్టు. సాధారణంగా విశ్వవిద్యాలయాల్లో పెద్ద మందిరం స్నాతకోత్సవం కోసమే కడతారు. వేదిక వెడల్పుగా, లోతు లేకుండా, ఇరవై కుర్చీలు వరసగా వేయడానికి వీలుగా ఉంటుంది. పక్కన నటులు మరుగున నిలబడే వింగ్సు ఉండవు. పాత్రధారి ఒక పక్కనుంచి నిష్క్రమించి రెండో పక్కనుంచి రావాలంటే భవనం చుట్టూ పరుగెత్తవలసిందే. ఎత్తయిన కప్పు, నున్నటి గోడలు కలిసి పద్యంలో ప్రతి దీర్ఘానికీ మరో దీర్ఘం తగిలిస్తాయి. మైకు పెంచినకొద్దీ మాట మాయమవుతుంది. వెయ్యిమంది పట్టే అటువంటి మందిరం కంటే, మైకు లేకుండా చివరి వరసకు గొంతు వినిపించే మూడువందల కుర్చీల శాల వెయ్యిరెట్లు మేలు. అఖిల భారత విశ్వవిద్యాలయాల సంఘం ఏటా జరిపే యువజనోత్సవాలకు ఏకాంకిక సిద్ధం చేసుకునే పిల్లలకు అటువంటిదే కావాలి.

చిత్రశాల గురించి ఎక్కువ రాయను. కాశీ విశ్వవిద్యాలయంలోని భారత కళాభవన్‌ను 1920లో రాయ్ కృష్ణదాస్ గారు విడిగానే ప్రారంభించారు. ఆ సేకరణ 1950లో విశ్వవిద్యాలయంలోకి వచ్చింది. అంటే సేకరించే మనిషి ముందు, గోడలు తరువాత. మన దగ్గర ఉదయగిరి చెక్క గరిటెలున్నాయి, వెంకటగిరి జాందానీ నేత ఉంది, పాత నాటక సమాజాల కరపత్రాలూ కిరీటాలూ ఎవరి అటకల మీదనో చెదపట్టిపోతున్నాయి. వాటిని ఇప్పుడే పోగుచేయడం మొదలుపెట్టండి. శాంతినికేతనంలో రాంకింకర్ బైజ్ 1938లో సిమెంటుతో, కంకరతో చేసిన సంతాల్ గిరిజన కుటుంబ శిల్పాన్ని ఏ గదిలోనూ పెట్టలేదు. మూటాముల్లె మోసుకుంటూ, కుక్కను వెంటబెట్టుకుని వెళుతున్న ఆ కూలీ కుటుంబం, అక్కడి కళాభవన్ అనే కళాశాల పిల్లలు రోజూ తిరిగే ఆవరణలోనే ఉంది.

నిధులు వచ్చేదాకా ఆగవద్దని కూడా నీవు చర్చలో చెప్పు. ఊళ్ళో ఎన్టీఆర్ కళాక్షేత్రం ఉండనే ఉన్నది కదా, నెలకు ఒక సాయంత్రం విశ్వవిద్యాలయం దాన్ని అద్దెకు తీసుకుని, విద్యార్థులను బస్సులో తీసుకువచ్చి, ఒకసారి వాళ్ళ ఏకాంకిక, మరొకసారి మీ పాతకాపుల పద్యనాటకం ఆడిస్తే చాలు. ఎవరు వస్తున్నారో, ఎంతమంది వస్తున్నారో ఒక ఏడాది చూసిన తరువాత, శాల ఎక్కడ కట్టాలో ఇంజనీరు చెప్పనవసరం లేదు.

కళాక్షేత్రం అద్దె ఎంతో, వెలుగుల ఏర్పాటు అందులో కలిసి ఉందో విడిగా కట్టాలో కనుక్కుని రాయి. పద్యనాటకం ఖాయమైతే హార్మోనియంతో నేను సిద్ధం, శ్రుతి మాత్రం మీ నటుణ్ణి ముందే తేల్చుకోమను. చెల్లెమ్మ గారికి నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

ఇట్లు,
నీ మిత్రుడు