మానేటోళ్ళు కూచునే చోటు యాడుందో పేపర్లో వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది అనంతపురం. మా ఆయనకు వెల్డింగ్ షాపు ఉంది. మీ పేపర్ జిల్లా పేజీలో కరెంటు కోతలు, గుళ్ళో కల్యాణాలు, ఆ రోజు కార్యక్రమాలు అన్నీ వేస్తారు కదా, అట్లే తాగుడు మానాలనుకునేటోళ్ళు వారం వారం కూచునే మీటింగులు యాడ జరుగుతాయి, ఎన్ని గంటలకు అని ఒక చిన్న బాక్సు వేయమని అడిగేదానికే ఈ ఉత్తరం రాస్తుండా. ఎందుకు అడుగుతుండానో చెప్తా, కొంచెం పెద్దదైనా చదవండి.

మా ఆయన తొమ్మిదేండ్లు తాగినాడు. మొదట్లో పని అయినాక సాయంత్రం తాగేటోడు, ఆఖర్లో పొద్దున షట్టర్ ఎత్తకముందే. చేతులు ఎంత వణికేవంటే టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకున్నా చొక్కా మీద పడేది. వెల్డింగ్ చేసేటోనికి చెయ్యి వణికితే రాడ్డు ఇనుముకు అతుక్కుపోతాది, పీకి మళ్ళా పెడతాడు మళ్ళా అతుక్కుంటాది, గేటు చేయించుకోను వచ్చినోళ్ళు అది చూసి ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి తీసుకుని పోయినారు. క్వార్టర్ పడితే మాత్రం చెయ్యి నిలబడేది, తాగితేనే పని, తాగితేనే అన్నం అన్నట్టు అయిపోయింది.

బొమ్మనహాళ్ దగ్గర ఉంతకల్లు పాండురంగస్వామి కాడికి ఏకాదశికి పోయి ఇంక తాగనని మాల వేసుకున్నాడు. ఆ స్వామి మీద నాకు ఈరోజుకీ నమ్మకమే. ఆడ అంతమంది కలిసి మాల వేసుకుంటుంటే తాగుబోతని ఎవరూ ఎవరినీ తక్కువగా చూడరు, ఆ ధైర్యంతోనే కొన్నాళ్ళు బాగుండినాడు. ఇంటికొచ్చినాక ఒంటరోడైపోయినాడు, సాయంత్రం ఆరైతే పలకరించేటోళ్ళంతా తాగేటోళ్ళే, ఎన్నాళ్ళని ఆపుకుంటాడు చెప్పండి.

తర్వాత ఎవరో అన్నంలో తెలీకుండా కలిపి పెట్టే మాత్రలని చెప్తే తెచ్చి డబ్బాలో దాచిపెట్టినా. కలపలేదు, దేవుడే కాపాడినాడు. డాక్టరుకు చూపిస్తే ఆయన తిట్టినాడు, ఆ మాత్ర మీద మందు తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు, అందుకే మనిషికి చెప్పి, ఆయన ఒప్పుకుంటేనే ఇస్తాము అన్నాడు.

ఒకసారైతే తనే పట్టుదలతో ఇంట్లోనే ఒక్కసారిగా ఆపేసినాడు. మేమంతా సంతోషపడినాము. మూడో రాత్రి గోడ మీద చీమలు పాకుతుండాయి తుడువు తుడువు అని అరుస్తాడు, గోడ మీద ఏమీ లేదు, చచ్చిపోయిన మా మామతో మాట్లాడతాడు. మా అత్త గాలి సోకిందని తాయెత్తు కోసం పోబోయింది, నేను ఆటోలో పెద్దాసుపత్రికి తీసకపోయినా. ఏండ్లుగా తాగినోళ్ళు ఉన్నట్టుండి ఆపితే రెండు మూడు రోజుల్లో ఇట్లా మతి తప్పడం, ఫిట్స్ రావడం ఉంటాదంట, ఒక్కోసారి ప్రాణమే పోతాదంట, డాక్టరు చేతిలో ఉండి ఆపాలంట. ఈ ముక్క మాకు ముందే ఎవరైనా చెప్పుంటే ఆ రాత్రి మా పిల్లోళ్ళు అది చూసేటోళ్ళు కాదు.

డిశ్చార్జి చేసేటప్పుడు ఏదన్నా గ్రూపులో చేర్పించమ్మా అన్నారు. యాడ సార్ అంటే అడ్రసు చెప్పేటోళ్ళు లేరు. ఒక ప్రైవేటు సెంటరుకు ఫోన్ చేస్తే ముందు డబ్బుల సంగతే మాట్లాడినారు. ఆఖరికి మందుల కౌంటర్ లైన్లో నా వెనక నిలబడిన ఒక పెద్దాయన మెల్లగా, అమ్మా ఆదివారం సాయంత్రం మీ ఆయన్ని తీసుకురా, నేనూ అట్లాంటోణ్ణే అని చోటు చెప్పినాడు. అది మా షాపుకు రెండు వీధుల అవతలే! ఆరేండ్లుగా రోజూ ఆ గది ముందు నుంచే పోతుండాము, బోర్డు లేదు, ఎట్లా తెలుస్తాది?

అదే ఆల్కహాలిక్స్ అనానిమస్, ఏఏ అంటారు. 1935లో అమెరికాలో తాగుడుకు బానిసలైన ఇద్దరు, ఒకాయన షేర్ల వ్యాపారం ఒకాయన డాక్టరు, ఒకరికొకరు తోడుండి మొదలుపెట్టినారంట. ఫీజు లేదు, తాగుడు మానాలనే కోరిక ఉంటే చాలు, ఊరూ పేరూ ఎవరూ అడగరు. మా ఆయన మొదటి వారం వాకిలి పక్కన కుర్చీలో చెప్పులు కూడా ఇడవకుండా కూచున్నాడు, లేచి పోయేదానికి రెడీగా. మూడో వారం నోరు తెరిచినాడు. మధ్యలో మా మరిది పెండ్లిలో ఒకసారి తాగినాడు, దాచను, కానీ ఆ రాత్రే ఆ పెద్దాయనకు ఫోన్ చేసి ఏడ్చినాడు, మరుసటి వారం మళ్ళా పోయినాడు. ఇప్పటికి అయిదు నెలలు. మొన్న చేసిన గేటుకు అతుకు ఎంత నున్నగా వచ్చిందో నన్ను పిలిచి వేలు పెట్టి చూడమన్నాడు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్ళు సారా మీద కొట్లాట మొదలుపెడితే 1995లో మొత్తం మందు మీదే నిషేధం వచ్చింది, 1997లో అదీ పోయింది. అంగళ్ళు మూయడం మా చేతిలో లేదు సార్. ఈ గది అడ్రసు వేయడం మీ చేతిలో ఉంది. ఏఏ వాళ్ళు పేర్లు, ఫోటోలు పేపర్లో రానివ్వరు, అది వాళ్ళ నియమం, కాబట్టి వాళ్ళని ముందు అడిగి చోటు, వారం, టైం మాత్రం వేయండి. కింద సర్కారు ఉచిత నంబర్లు కూడా వేయండి, మత్తు మానేదానికి 14446, మనసు బాగలేకపోతే టెలిమానస్ 14416. తాగేటోళ్ళ ఇంటోళ్ళ కోసం అల్ అనాన్ అని వేరే మీటింగులు ఉంటాయంట, మన జిల్లాలో యాడన్నా జరుగుతుంటే దయచేసి అది మొదట వేయండి, నేనూ పోతా.

ఇట్లు,
ఒక ఇల్లాలు, అనంతపురం
(పేరు వేయొద్దండి)