మేయర్‌గా నిలబడతానన్న మా అమ్మాయికి

చిట్టితల్లీ,

మొన్న నువ్వు వచ్చి చెప్పి వెళ్లిన దగ్గర్నుంచి మీ నాన్నగారూ నేనూ అదే మాట్లాడుకుంటున్నాం. ఫోన్‌లో చెబుదామంటే నీకు కాలనీవాళ్ల ఫోన్లే తెరిపివ్వవు. అందుకే రాస్తున్నా, తీరిక చూసుకుని చదువుకో.

నిలబడు. చివరిదాకా టెన్షన్ పడుతూ చదవకుండా ఆ మాట ముందే చెప్పేస్తున్నా.

మీ అత్తగారు భయపడుతున్నారని తెలుసు. రాజకీయాల్లోకి దిగిన ఆడపిల్లను ఎవరు ఎంత మాటైనా అంటారని ఆవిడ బాధ. ఆ భయం నాకు మాత్రం లేదా? కానీ అంతకంటే పెద్ద భయం ఇంకోటి ఉంది నాకు. 2012లో కౌన్సిల్ గడువు అయిపోయాక మన విశాఖకు మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. ఆ తొమ్మిదేళ్లూ మేయర్ లేరు, వార్డుకో కార్పొరేటర్ లేరు, అంతా ప్రత్యేకాధికారుల పాలనే. హుద్‌హుద్ తుఫాను మన మీద విరుచుకుపడింది 2014 అక్టోబరు 12న. వెంకటాపురంలో స్టైరిన్ గ్యాస్ లీకై 12 మంది ప్రాణాలు పోయింది 2020 మే 7న. ఈ ఊరికి అంత కష్టం వచ్చిన ఆ రెండు రోజుల్లోనూ మనం ఓటేసి ఎన్నుకున్న మేయర్ అంటూ లేరు.

అధికారులు పని చేయలేదని నేననను. తుఫాను తర్వాత కూలిన చెట్లూ కరెంటు స్తంభాలూ తీయడానికి సిబ్బంది పగలూ రాత్రీ పడ్డ కష్టం కళ్లారా చూశాను. కానీ మా వీధికి నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుందో అడగడానికి మాకు తెలిసిన మనిషి లేరు. రేపు బదిలీ అయ్యే ఆఫీసరును "మళ్లీ ఓటు అడగడానికి మా గుమ్మం ఎక్కవా" అని నిలదీయలేం కదమ్మా. మనం నిలదీయగల మనిషి ఊళ్లో ఒకరుండాలి. నువ్వు అలాంటి మనిషివి అవుతానంటే వద్దనే తల్లిని కాను.

ఇక మేయర్ పోటీ సంగతి. 2000లో రాజాన రమణి గారు మేయర్ అయినప్పుడు మేం రెండు ఓట్లు వేశాం, ఒకటి కార్పొరేటర్‌కి, ఒకటి నేరుగా మేయర్‌కి. అదే ఏడు బెజవాడలో పంచుమర్తి అనురాధ గారు 26 ఏళ్లకే మేయర్ అయ్యారు. అప్పుడు మేయర్ అభ్యర్థి ఊరంతా తిరిగి ఓటు అడగాల్సి వచ్చేది. తర్వాత చట్టం మార్చారు. 2007 ఎన్నికల నుంచి మనకు ఒక్కటే ఓటు, కార్పొరేటర్‌కి. అలా గెలిచిన కార్పొరేటర్లూ (2021లో 98 మంది), వాళ్లతో పాటు తమ పదవి వల్లే కౌన్సిల్లో సభ్యులైన ఎమ్మెల్యేలూ ఎంపీలూ చేతులెత్తితే మేయర్. 2021లో అలా కూర్చున్న మేయర్ 2025 ఏప్రిల్‌లో అవిశ్వాసంతో దిగిపోయారు. అందులో ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అన్న చర్చ నాకొద్దు. ఊరికి మేయర్ మారారు, ఊళ్లో ఓటరును మాత్రం ఎవరూ అడగలేదు. నన్నడిగితే పాత పద్ధతే నయం, మేయర్ పదవి ఊరంతా ఓటేసి ఇవ్వాల్సింది.

కాబట్టి నువ్వు "మేయర్‌గా పోటీ" అని చెబుతున్నా, నీ పేరు ఉండేది ఒక వార్డు బ్యాలెట్ మీదే. జనానికి ఆ సంగతి విడమరిచి చెప్పు. మేయర్‌నయితే అది చేస్తా, ఇది చేస్తా అని మాటివ్వకు. కౌన్సిల్‌కీ స్థాయీ సంఘానికీ అధ్యక్షత వహించేది మేయరే గానీ, పని చేయించే అధికారం కమిషనర్ చేతిలో ఉంటుంది. మాస్టర్ ప్లాన్ నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏది, కరెంటు విద్యుత్ సంస్థ ఈపీడీసీఎల్‌ది. కరెంటు పోయినా జనం వచ్చేది మాత్రం మేయర్ ఇంటికే. రానీ. "అది నా చేతిలో లేదు, కానీ ఎవరి చేతిలో ఉందో అక్కడికి మీతో వస్తా" అనే మనిషి ఉంటే ఊరికి సగం బరువు తగ్గుతుంది.

నీ మీద నాకున్న ఒక్క బెంగ చెప్పనా? మధురవాడలో మీ కాలనీ సంఘం చేసిన పని చిన్నది కాదు. మురుగు కాలువ కోసం నువ్వు పట్టిన పట్టు, ట్యాంకర్ల లెక్క రాయించిన తీరు చూసి నాకెంత గర్వంగా ఉందో. కానీ ఆ సంఘంలో ఉన్నవాళ్లంతా లిఫ్ట్, జనరేటర్, వాచ్‌మన్ ఉన్న ఇళ్లవాళ్లు. మీ వెనకాలే ఉన్న కొండవాలు ఇళ్లలో వాన గట్టిగా పడితే రక్షణ గోడ నిలుస్తుందో లేదో అని తెల్లవార్లూ మేలుకునే ఉంటారు. మీ కాలనీ నీరంతా పోయే గెడ్డ పక్కన కాపురముండేవాళ్లు ఇంకోరకం. మీ కాలువ బాగుపడితే ఆ నీళ్లు వాళ్ల గడపలోకి వచ్చాయేమో ఎవరైనా అడిగారా? నువ్వు అడుగు. కారు దిగి, మెట్లెక్కి వెళ్లి అడుగు. సాయంత్రం పూట వెళ్లు, పగలు అందరూ పనుల్లో ఉంటారు.

ఈ ఊరు ఎంత పెరిగిందో మీ తరానికి అంతగా తెలియదు. గాజువాక మున్సిపాలిటీ, 32 గ్రామాలు కలిపి 2005లో జీవీఎంసీ, అంటే మహా విశాఖ నగరపాలక సంస్థ, చేశారు. తర్వాత భీమిలి, అనకాపల్లి కూడా కలిశాయి. భీమిలిలో వలలేసేవాళ్లూ, అనకాపల్లి బెల్లం మార్కెట్లో పని చేసేవాళ్లూ, స్టీల్ ప్లాంట్‌కి భూములిచ్చి గాజువాక చుట్టూ ఉండిపోయిన నిర్వాసితులూ ఇప్పుడు ఒకే కార్పొరేషన్‌కు ఇంటిపన్ను కడుతున్నారు. డేటా సెంటర్ వస్తుందనీ, భోగాపురం ఎయిర్‌పోర్ట్ వస్తుందనీ అందరం సంతోషిస్తున్నాం. రావాలి, మన పిల్లలు పొట్ట చేతపట్టుకుని బెంగళూరు పోకుండా ఉండాలి. కానీ ఏలేరు కాలువ, రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ, వీటి నుంచి వచ్చే నీళ్లతోనే ఇంతమందీ బతకాలి. ఎండాకాలంలో ముందు ఎవరి కొళాయి ఆగాలి అన్న ప్రశ్న కౌన్సిల్లో వచ్చే రోజు దూరంలో లేదు. ఆ రోజు నువ్వు అక్కడుంటే ఎవరి తరఫున లేచి నిలబడతావో ఇప్పుడే ఆలోచించుకో.

డబ్బు గురించి ఒకటే మాట. పెందుర్తిలో నీ పేరున ఉన్న స్థలం అమ్మొద్దు. ఓటుకింత అని పంచి గెలిచేవాళ్లు గెలవనీ, నువ్వు పంచకు. అలా గెలిచినవాళ్లకు పెట్టింది రాబట్టుకోవాలనే ఆలోచన తప్ప ఇంకోటి ఉండదు. కరపత్రాలకూ, ఆటో మైకుకూ, నీతో తిరిగేవాళ్ల భోజనాలకూ మేం దాచింది కొంత ఉంది, తీసుకో.

నువ్వు తేల్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. మేయర్ పదవికి ఎన్నికల ముందు రిజర్వేషన్ ప్రకటిస్తారు. అది నీకు కుదరని కోటాలోకి పోవచ్చు. కుదిరినా పార్టీ ఇంకొకరి పేరు చెప్పొచ్చు. అప్పుడు ఉత్త కార్పొరేటర్‌గా ఐదేళ్లు ఆ కొండమెట్లు ఎక్కుతావా? ఎక్కుతానంటే మన ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పరు, మీ అత్తగారితో నేను మాట్లాడతాను. ఎక్కలేననిపిస్తే అది కూడా తప్పు కాదమ్మా, సంఘం పని నీకెలాగూ ఉంది. అల్లుడుగారితో కూర్చుని మాట్లాడి, ఈ ఒక్కదానికి నాకు జవాబు చెప్పు.

ఈలోగా ఓటర్ల జాబితాలో నీ పేరు ఏ వార్డులో ఉందో వార్డు సచివాలయానికి వెళ్లి చూసుకో. ప్రచారం మొదలైతే బాబును ఇక్కడ దింపు, స్కూలుకు నాన్నగారు తీసుకెళ్తారట. నేను మాత్రం ఇంట్లో కూర్చోను, నీతో పాటు ఇంటింటికీ వస్తాను.

ఆశీస్సులతో,
అమ్మ