దిద్దిన పేపరును పిల్లల చేతికివ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

పదో తరగతిలో సబ్జెక్టుకు బడిలోనే వేసే 20 ఇంటర్నల్ మార్కులు ఉంచాలా, తీసేయాలా అన్న చర్చ కొన్నేళ్లుగా నడుస్తూనే ఉంది. ఆంధ్రప్రదేశ్ 2019లోనే వాటిని ఎత్తివేసి మార్కులన్నీ పబ్లిక్ పరీక్షకే కేటాయించింది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో అదే నిర్ణయం ప్రకటించి, చదువుల ఏడాది సగంలో పద్ధతి మార్చడమేమిటని అభ్యంతరాలు రాగానే, ఆ ఏడాదికి పబ్లిక్ పరీక్షకు 80, ఇంటర్నల్స్‌కు 20 అన్న పాత విధానమే ఉంటుందని సర్దుకుంది. ఇరువైపుల వాదనల్లోనూ నిజముంది. అయితే హైస్కూలులో తెలుగు చెప్పి, పబ్లిక్ పరీక్ష పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్ క్యాంపుకు ఏటా వెళ్లివచ్చిన నాకు ఈ చర్చలో ఒక ప్రశ్న అసలు వినపడడం లేదు. మార్కులు బడిలో వేసినా, క్యాంపులో వేసినా, తనకు ఎక్కడ ఎన్ని వచ్చాయో, ఎందుకు పోయాయో చూసుకునే వీలు పిల్లవాడికి ఉందా?

ఇంటర్నల్ మార్కుల మీద జనానికి నమ్మకం పోవడానికి కారణాలు లేకపోలేదు. కోవిడ్ వల్ల 2021లో తెలంగాణలో పదో తరగతి పరీక్షలు రద్దయి, బడుల్లో వేసిన ఫార్మేటివ్ (అంటే ఇంటర్నల్) మార్కులనే లెక్కగట్టి గ్రేడ్లు ఇచ్చినప్పుడు, సుమారు 5.2 లక్షల మందిలో 2 లక్షల పైచిలుకు విద్యార్థులకు అన్నిటికన్నా పై గ్రేడైన 10 జీపీఏ వచ్చింది. పరీక్షలు మామూలుగా జరిగిన 2019లో 10 జీపీఏ తెచ్చుకున్నవారు పది వేల లోపే. రెండేళ్లలో రాష్ట్రమంతటా అంత ప్రతిభ పొంగిపొర్లిందని ఎవరూ అనుకోరు. ఏళ్ల తరబడి రిజిస్టర్లలో నిండుగా పడుతూ వచ్చిన 19లు, 20లు ఆ ఏడాది ఒక్కసారిగా బయటపడ్డాయి, అంతే.

అలా వేసిన ఉపాధ్యాయులంతా నిజాయతీ లేనివారని మాత్రం నేను అనను. బాసర ట్రిపుల్ ఐటీలో సీటు పదో తరగతి ఫలితం మీదే ఆధారపడి ఉంటుంది. పక్క బడిలో అందరికీ నిండా వేస్తున్నారని తెలిసి కూడా, తన దగ్గర చదివే కూలివాళ్ల బిడ్డకు ఉన్నదున్నట్టుగా 14 వేసే మాస్టారు ఆ బిడ్డకే నష్టం చేసినవాడవుతాడు. ప్రధానోపాధ్యాయుడు పిలిచి అడిగేదీ ఇదే: “మన పిల్లలకు మనమే అడ్డం పడతామా?” ఆ ప్రశ్నకు నా దగ్గర కూడా ఎప్పుడూ జవాబు లేదు. నిరంతర సమగ్ర మూల్యాంకనం పేరుతో మొదలైనప్పుడు ఆ 20 మార్కుల వెనుక ఆలోచన మంచిదే. తరగతిలో పాల్గొనడం, రాతపనులు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష, ఈ నాలుగింటి ద్వారా ఏడాది పొడవునా పిల్లవాడిని గమనించాలన్నారు. ఆచరణలో ప్రాజెక్టు పని అంటే జిరాక్స్ సెంటరులో తీసిన నాలుగు కాగితాలకు రంగుల అట్ట అయింది. అక్షరం తేడా లేకుండా ఒకే ముగింపు వాక్యంతో ఉన్న ప్రాజెక్టు పుస్తకాలను ఒకే బెంచీ మీద దొంతరగా పేర్చి, అన్నిటి మీదా ఒకే మార్కు వేసి సంతకం చేసిన దృశ్యం ఏ ఉపాధ్యాయుడికీ కొత్త కాదు. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో సబ్జెక్టుకు 30 మార్కుల సంగతి కూడా ఇంతేనని, అందుకే పిల్లలను వేరే కాలేజీకి పంపి ప్రాక్టికల్స్ చేయించే జంబ్లింగ్ గురించి అంత గొడవ జరిగిందని పాఠకులకు తెలుసు.

ఇదంతా చూసి ఇంటర్నల్స్ తీసేస్తే న్యాయం జరిగిపోతుందనుకునేవారు ఒకసారి వాల్యుయేషన్ క్యాంపులో ఒక పూట కూర్చోవాలి. అక్కడ మంచి పద్ధతులు లేకపోలేదు. పేపరు ఎవరిదో, ఏ ఊరిదో దిద్దేవారికి తెలియదు. కోడ్ మాత్రమే ఉంటుంది. అసిస్టెంట్ ఎగ్జామినర్ దిద్దాక స్పెషల్ అసిస్టెంట్ మార్కులు కూడతాడు, చీఫ్ ఎగ్జామినర్ కొన్నిటిని తిరిగి చూస్తాడు. కానీ పదో తరగతిలో ఒక్కొక్కరికి రోజుకు 40 పేపర్లు, ఇంటర్‌లో 30. మండు వేసవిలో, పరాయి ఊరి బడిలో చిన్న పిల్లల బల్లల మీద వంగి, మధ్యాహ్నం మూడు దాటాక ముప్ఫయ్యో పేపరు విప్పేసరికి ఎంత శ్రద్ధ గలవారికైనా కళ్లు అక్షరాల మీద జారిపోతాయి. అద్భుతంగా రాసిన పేపరు వెంటనే వచ్చిన మామూలు పేపరుకు అర మార్కో, మార్కో తగ్గుతుంది. అది ఎవరూ కావాలని చేసేది కాదు, కానీ జరుగుతుంది.

ఇది మన ఉపాధ్యాయులకే ఉన్న బలహీనత కూడా కాదు. అమెరికాలో 1912లో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే ఇంగ్లీషు జవాబు పత్రాన్ని 142 మంది హైస్కూలు ఉపాధ్యాయులతో దిద్దించగా, దానికి 64 నుంచి 98 దాకా మార్కులు పడ్డాయి. భాష కనుక అలా జరిగిందన్న విమర్శ రాగా మరుసటి ఏడాది జ్యామితి పేపరుతో చేశారు. అందులో తేడా ఇంకా ఎక్కువ వచ్చింది.

నేను చూసినదే ఒకటి చెబుతాను. ఊరి సమస్యను వివరిస్తూ అధికారికి లేఖ రాయమన్న ప్రశ్నకు ఒక విద్యార్థి తేదీ లేకుండా, స్థలం లేకుండా, సంబోధన కూడా సరిగా లేకుండా మొదలుపెట్టి, తమ వాడకట్టులో బోరింగు చెడిపోయి నెల దాటిందనీ, అమ్మ తెల్లవారకముందే లేచి రెండు బిందెలతో ఊరి అవతలి ట్యాంకు దగ్గరికి పోతున్నదనీ, ఆమె తిరిగి వచ్చేదాకా తమ్ముణ్ణి పట్టుకొని కూర్చోవడం వల్ల తనకు బడికి ఆలస్యమవుతున్నదనీ రాసింది. అదే కట్టలో మరో పేపరులో గైడులోని లేఖ పొల్లుపోకుండా ఉంది: తేదీ, స్థలం, “గౌరవనీయులైన”, “మా గ్రామంలో నీటి సమస్య తీవ్రంగా ఉన్నది”, “ఇట్లు తమ విధేయుడు”. ఆ మొదటి లేఖకు ఎన్ని వేయాలని మా బల్ల దగ్గర అడిగితే ఒకరు సగం అన్నారు, ఒకరు సగానికీ తక్కువే అన్నారు, ఒకరు నిండా వేయమన్నారు. ఏ జవాబుకు ఎన్ని మార్కులు వేయాలో చెప్పే, మా చేతిలోని ప్రిన్సిపుల్స్ కాగితంలో రూపానికి, విషయానికి, భాషకు మార్కులున్నాయి కానీ, విషయం అంటే ఏమిటో ఒక్క ఉదాహరణ కూడా లేదు. నాకు సంబంధించినంతవరకు ఆ రెండు పేపర్లలో లేఖ రాసింది ఒక్కరే. ఎన్ని మార్కులు వేయడం సబబో మేము తేల్చుకోలేకపోయిన చోట, ఎందుకు తగ్గాయో ఆ అమ్మాయికి మాత్రం ఎలా తెలుస్తుంది?

అభిప్రాయభేదాల మాట అటుంచి, అచ్చమైన పొరపాట్ల సంగతి చూద్దాం. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తెలుగులో 99 వచ్చిన విద్యార్థినికి 00 అని పడింది. ఆ ఏడాది ఎందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారో తలచుకుంటే ఇప్పటికీ చేయి ఆడదు. ఫెయిలైనవారి పేపర్లన్నిటినీ ప్రభుత్వం ఉచితంగా రీవెరిఫికేషన్ చేయిస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 పదో తరగతి రీవెరిఫికేషన్‌లో వేలాది పేపర్లలో మార్కులు మారాయి. దిద్దినవారిలో కొందరిని సస్పెండ్ చేశారు. సస్పెన్షన్లతో వార్త ముగిసింది. దరఖాస్తు చేయని పిల్లల పేపర్లలో ఎన్ని తప్పులు ఉండిపోయాయన్న ప్రశ్న మిగిలే ఉంది.

దరఖాస్తు చేయకపోవడానికి కారణం డబ్బు. పదో తరగతిలో రీకౌంటింగ్‌కు సబ్జెక్టుకు 500 రూపాయలు, జవాబు పత్రం నకలుతో రీవెరిఫికేషన్‌కు 1,000 రూపాయలు. రెండు సబ్జెక్టుల మీద అనుమానం ఉంటే 2,000. ఉపాధి కూలీకి వెళ్లే తల్లికి అది ఒక వారం సంపాదన దాటిపోతుంది. పైగా రీవెరిఫికేషన్ అంటే మళ్లీ దిద్దడం కాదు. కూడిక సరిగా ఉందా, దిద్దకుండా వదిలేసినవి ఉన్నాయా అని మాత్రమే చూస్తారు. బోరింగు లేఖకు న్యాయం జరిగే తోవ అందులో లేదు.

దిద్దిన జవాబు పత్రం చూసుకునే హక్కు సమాచార హక్కు చట్టం కింద పరీక్ష రాసినవారికి ఉందని సుప్రీంకోర్టు 2011 ఆగస్టులో, సీబీఎస్ఈ, ఆదిత్య బందోపాధ్యాయ కేసులో స్పష్టంగా చెప్పింది. అది హక్కే అయినప్పుడు, అడిగినవాడికి, అదీ డబ్బు కట్టినవాడికి మాత్రమే చూపించడం ఏం పద్ధతి? ఫలితం వచ్చిన రోజే హాల్‌టికెట్ నంబరు కొడితే మార్కుల మెమోతో పాటు దిద్దిన పేపరు స్కాన్ కాపీ, పక్కనే ఆ సబ్జెక్టు ప్రిన్సిపుల్స్ కాగితం కనపడాలి. ఇది అయ్యే పని కాదనేవారు ఇంజనీరింగ్ కాలేజీల వైపు చూడాలి. జేఎన్టీయూ హైదరాబాద్ జవాబు పత్రాలను స్కాన్ చేసి కంప్యూటరు మీదే దిద్దిస్తోంది కనుక అక్కడ కాపీ ఎలాగూ తయారుగా ఉంటుంది. ఫిర్యాదులు వరదలా వస్తాయన్న భయం అధికారులకు ఉండడం సహజమే. మొదటి ఏడాది వస్తాయి కూడా. కానీ తాను దిద్దిన పేపరు రేపు పిల్లవాడూ, వాడి మాస్టారూ చూస్తారని తెలిస్తే క్యాంపులో పెన్ను నడిచే తీరే మారుతుంది. దానితో పాటు రోజుకు 40 అన్న లెక్కను, కనీసం భాషలకూ సాంఘిక శాస్త్రానికీ, తగ్గించక తప్పదు. క్యాంపు మరో నాలుగు రోజులు పొడిగించినా ఎవరి కొంపా మునగదు.

ఇంటర్నల్స్‌కు కూడా ఇదే సూత్రం పనికివస్తుంది. వాటిని తీసేయాలని నేను అనడం లేదు. మూడు గంటల పరీక్షలో బయటపడని తెలివి చాలామంది పిల్లల్లో ఉంటుంది. లఘు పరీక్ష పేపర్లను, రాతపనులను మార్కులతో సహా ఇంటికి పంపి, తల్లిదండ్రుల సంతకంతో తిరిగి తీసుకొని, బడిలో ఏడాదిపాటు భద్రపరచాలి. మండలంలో మరో బడి ఉపాధ్యాయుడు వచ్చి తనకు నచ్చిన పదింటిని తీసి చూడాలి. ఒకే ముగింపు వాక్యం ఉన్న ప్రాజెక్టు పుస్తకాలు అప్పుడు అంత ధైర్యంగా దొంతరలో నిలబడవు. పేపరు వెనుక వైపున మాత్రమే రోల్ నంబరు రాయించి దిద్దే అలవాటు బడి పరీక్షల్లోనూ పెడితే, ఇంటిపేరును బట్టో, ట్యూషన్‌కు వస్తున్నాడా లేదా అన్నదాన్ని బట్టో మార్కులు పడుతున్నాయన్న అనుమానం సగం తగ్గుతుంది. దీనికి జీవో కూడా అక్కర్లేదు, ప్రధానోపాధ్యాయుడు తలచుకుంటే చాలు.

అన్నీ ఒక్క ఏడాదిలో కావని నాకు తెలుసు. తెలంగాణ 2019లో ఇంటర్ తప్పినవారి పేపర్లను ఉచితంగా తిరిగి చూసిన ఉదాహరణ ఉంది కనుక, రానున్న ఫలితాల్లో కనీసం తప్పిన పిల్లలకైనా, తప్పిన సబ్జెక్టు పేపరును రుసుము లేకుండా, అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఫీజు గడువు ముగిసేలోపే చూపించాలని రెండు రాష్ట్రాల పరీక్షల విభాగాలకు మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
సిద్దిపేట.