డర్బన్ సముద్రం గురించి సత్తిబాబుకి

ఒరేయ్ సత్తిబాబూ,

నీ ఉత్తరం అందింది. అమ్మగారి మోకాలి ఆపరేషన్ బాగా జరిగిందని చదివాక మనసు కుదుటపడింది. ఆవిడ చేత మెల్లమెల్లగా నడిపించు, మొహమాటపడకు. ఇక్కడ సౌతాఫ్రికాలో, ఈ డర్బన్‌లో నాకు అంతా బాగానే ఉంది. పోర్టులో పని ఎక్కువే కానీ ఆదివారాలు నావే.

నేను పంపిన ఫొటోలు చూసి "మన ఆర్కే బీచ్‌లాగే ఉందిరా, అందరూ హాయిగా తిరుగుతున్నారు" అని రాశావు చూడు, అది చదివినప్పటి నుంచీ నీకు ఒక సంగతి చెప్పాలని ఉంది. ఆ ఫొటోలో నా వెనక కనిపిస్తున్న ఇసుక మీద 1989 దాకా తెల్లవాడు కాని నీలాంటివాడు, నాలాంటివాడు టవల్ పరిచి కూర్చుంటే నేరం. ఎప్పటిదో తాతల కాలం ముచ్చట కాదిది. 1991 నవంబరులో సౌతాఫ్రికా టీమ్ కలకత్తా వచ్చి ఈడెన్ గార్డెన్స్‌లో ఆడింది, గుర్తుందా? దానికి రెండేళ్ల ముందు వరకూ ఇక్కడ ఇదే పద్ధతి.

ముందు ఊరి రూపం చెప్తాను. హార్బరు నోటి దగ్గర నుంచి ఉత్తరంగా ఉమ్‌గేని నది సముద్రంలో కలిసే చోటు దాకా ఒకటే ఇసుక తీరం. మొదట అడింగ్టన్ బీచ్, తర్వాత సౌత్ బీచ్, నార్త్ బీచ్, బే ఆఫ్ ప్లెంటీ. ఇంకా పైకి వెళ్తే బ్యాటరీ బీచ్, కంట్రీ క్లబ్ వైపు, చివర నది దగ్గర బ్లూ లగూన్. పెద్ద హోటళ్లు, పిల్లలు ఆడుకునే నీళ్ల కొలనులు, ఐస్‌క్రీమ్ బళ్లు, లైఫ్‌గార్డులు, అన్నీ ఉన్న మొదటి భాగం తెల్లవాళ్లది. భారతీయులకీ, ఆఫ్రికన్లకీ ఉత్తరాన, నది వైపు వేరువేరు ముక్కలు. ఆ ముక్కల్లో నల్లవాళ్లది అన్నిటికంటే దూరం, అన్నిటికంటే బోడి.

ఈ పద్ధతి మొదట్లో అలవాటుగా, మునిసిపాలిటీ నిబంధనలుగా నడిచింది. 1948లో తెల్లవాళ్ల నేషనల్ పార్టీ గెలిచి అపార్తీడ్‌ని, అంటే జాతిని బట్టి మనుషుల్ని వేరు చేయడాన్ని, ప్రభుత్వ విధానం చేశాక అదే దేశమంతటికీ చట్టం అయింది. ఆ చట్టం పుట్టిన తీరు చదివినప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. కేప్‌టౌన్ రైల్వే స్టేషన్లో తెల్లవాళ్ల వెయిటింగ్ రూములోకి వెళ్లాడని ఒక ఆఫ్రికన్ మీద కేసు పెట్టారు. 1953లో కోర్టు ఏమందంటే, మీరు వేరుగా పెడితే పెట్టండి, కానీ నల్లవాళ్లకిచ్చిన గది ఇంత అధ్వాన్నంగా ఉంటే ఆ నిబంధన చెల్లదు పొమ్మంది. అప్పుడు ప్రభుత్వం ఏం చేయాలి? గది బాగు చేయించాలి కదా! వాళ్లు చట్టమే కొత్తది తెచ్చారు. రిజర్వేషన్ ఆఫ్ సెపరేట్ అమెనిటీస్ యాక్ట్, 1953. వేరుగా ఇచ్చిన సౌకర్యాలు సమానంగా ఉండనక్కర్లేదని, సమానంగా లేవన్న కారణంతో ఏ కోర్టూ వాటిని కొట్టెయ్యకూడదని అందులో రాసుకున్నారు. పార్కు బెంచీ, పోస్టాఫీసు కిటికీ, బస్సు సీటు, చివరికి సముద్రం, అన్నీ దాని కిందకే వచ్చాయి. అన్యాయం చేసి దాచుకునేవాళ్లని చూశాం కానీ, అన్యాయంగానే చేస్తాం అని పార్లమెంటులో ఓటు వేసి మరీ రాసుకున్నవాళ్లని ఏమనాలిరా?

బీచ్‌లో బోర్డు ఒకటి ఉండేది. దాని ఫొటో నీకూ ఎక్కడో తగిలే ఉంటుంది. పైన డర్బన్ నగరం అని, కింద "డర్బన్ బీచ్ ఉపనిబంధనల 37వ సెక్షన్ ప్రకారం ఈ స్నాన ప్రదేశం కేవలం శ్వేతజాతి వారి ఉపయోగానికే" అని. ఇంగ్లీషులో, ఆఫ్రికాన్స్‌లో, జులూలో, మూడు భాషల్లో ఒకే మాట. తిట్టు లేదు, కోపం లేదు. "పచ్చిక మీద నడవరాదు" అన్నంత మామూలుగా, సెక్షన్ నంబరుతో సహా చక్కగా అచ్చు వేయించారు. 1989లో కూడా ఆ బోర్డు నిలబడే ఉంది.

ఇప్పుడు మనవాళ్ల దగ్గరికి వస్తాను. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న ఈ డర్బన్ రేవుకి చేరింది. 342 మంది కూలీలు, చెరుకు తోటల కోసం. అప్పటి నుంచి 1911 దాకా మొత్తం లక్షా యాభై రెండు వేల మంది వచ్చారు. మద్రాసు ఓడలెక్కినవాళ్లలో విశాఖపట్నం, గంజాం, గోదావరి, నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లు బోలెడుమంది. ఇక్కడ నాయుడూ రెడ్డీ అంటే వింతగా చూసేవాళ్లే లేరు. 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. తెలుగు మాట్లాడేవాళ్లు తగ్గిపోయారు కానీ ఉగాదికి, రామభజనకి గుడి నిండిపోతుంది.

తోటల్లో అయిదేళ్ల ఒప్పందం అయిపోయాక చాలా మంది ఊళ్లోకి వచ్చి మునిసిపాలిటీలో చేరారు. రోడ్లు ఊడవడం, చెత్త ఎత్తడం, పార్కుల్లో మొక్కలు చూసుకోవడం. వాళ్ల కోసం సోమ్‌ట్‌స్యూ రోడ్డులో మ్యాగజీన్ బ్యారక్స్ అని లైన్లు కట్టారు. ఇరుకు గదులు, ఉమ్మడి కుళాయిలు. కానీ సముద్రం కాలినడకన వెళ్లేంత దగ్గర. నేను అద్దెకుంటున్న ఇంటి ఆంటీ పుట్టింది అక్కడే. ఆవిడ ముత్తాత విశాఖపట్నం జిల్లావాడు. చిన్నప్పుడు పొద్దున్నే నాన్నతో సముద్రానికి వెళ్లేదట. నాన్నది ఊడ్చే పని కాబట్టి తెల్లవాళ్ల బీచ్ పక్క రోడ్డు మీద ఆయనకి అడ్డుండేది కాదు. చీపురు చేతిలో ఉంటే వెళ్లొచ్చు, లేకపోతే కుదరదు. తెల్లపిల్లల్ని ఆడించే ఆయాలదీ అంతే. పిల్లాడు పక్కనుంటే ఇసుకలో కూర్చోవచ్చు, పిల్లాడు లేకుండా ఆ ఆయా ఒంటరిగా కూర్చోకూడదు.

నీళ్ల కొలనులు దాటి నడిచేటప్పుడు వాళ్ల నాన్న చెయ్యి గట్టిగా పట్టుకుని, అటు చూడకు అనేవాడట. ఎందుకు నాన్నా అంటే, ఎండ కొడుతుంది పద అనేవాడట. నిజం చెప్తే కూతురికి ఏమని చెప్పాలి పాపం? ఈ మాట చెప్తూ ఆంటీ బీన్స్ ఒలుస్తూనే ఉంది, గొంతు కూడా మారలేదు. నాకే గొంతుకి అడ్డం పడింది.

1960ల్లో, ఏ జాతివాళ్లు ఎక్కడ ఉండాలో నిర్ణయించే గ్రూప్ ఏరియాస్ చట్టం కింద బ్యారక్స్ ఖాళీ చేయించారు. అందరినీ సుమారు 20 కిలోమీటర్ల లోపలికి, ఛాట్స్‌వర్త్ అనే కొత్త కాలనీకి తరలించారు. నేనుండేది ఇక్కడే. చూశావా, బోర్డు అవసరం కూడా లేకుండా పోయింది. సముద్రం పక్కన బతికినవాళ్లకి ఇక బస్సు చార్జీ లేకపోతే సముద్రమే లేదు. ఆ తర్వాత ఏడాదికొకసారి, కొత్త సంవత్సరం రోజున, చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కలిసి బిర్యానీ గుండిగలతో లారీ మాట్లాడుకుని వెళ్లేవాళ్లట, తమకిచ్చిన ముక్కకి.

సొరచేపల సంగతి వేరే చెప్పాలి. ఈ తీరంలో సొరచేపల భయం నిజం. 1952లో డర్బన్‌లో మొదటిసారి వలలు వేశారు. ఆ వలలు గోడలా అడ్డం ఉండవు, కింద నుంచీ పక్క నుంచీ చేప రావచ్చు. తీరానికి దగ్గరగా తిరిగే వాటిని పట్టి సంఖ్య తగ్గించడమే వాటి పని. మరి అవి ముందు ఏ నీళ్ల దగ్గర వేసి ఉంటారో నేను చెప్పక్కర్లేదు. జనం ఎక్కువ వచ్చే ప్రధాన బీచ్‌ల దగ్గర, అంటే తెల్లవాళ్ల దగ్గర. బోర్డు చూస్తే అవమానం అనిపిస్తుంది. నాకు మాత్రం ఈ వలలే ఎక్కువ బాధ పెడతాయి. వేరు చేయడమంటే ఇదేరా, ఎవరి ప్రాణానికి ఖర్చు పెట్టాలి, ఎవరిది దేవుడికి వదిలేయాలి అని లెక్క వేయడం.

తీరం మీద మనవాళ్లకి పని మాత్రం ఉండేది. ఒప్పందం తీరిన భారతీయ జాలర్లు తరతరాలుగా ఇక్కడ అలివి వలలు లాగారు. ఇప్పటికీ చలికాలంలో, జూన్ జూలైల్లో, సార్డైన్ చేపలు కోట్లకొద్దీ తీరం వెంబడి వస్తాయి. వల లాగుతుంటే ఊరంతా బకెట్లు పట్టుకుని పరిగెడుతుంది. ఈ జాలర్లు కొందరు హార్బరు మధ్యలో సాలిస్‌బరీ దీవి మీద ఇళ్లు వేసుకుని ఉండేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళం కోసం వాళ్లని లేపేశారు. 1961లో అదే దీవి మీద, ఆ సైనికుల బ్యారక్స్‌లోనే భారతీయుల కోసం వేరే కాలేజీ పెట్టారు. కుర్రాళ్లు రోజూ ఫెర్రీ ఎక్కి చదువుకోవడానికి వెళ్లేవాళ్లు. ఊళ్లో యూనివర్సిటీ ఉండగానే!

ఆంటీ ఇంకో మాట కూడా చెప్పింది. "మా బీచ్ తెల్లవాళ్లదాని ముందు ఏమీ కాదు. కానీ అవతల ఆఫ్రికన్లది చూసి, మాది నయం అనుకునేవాళ్లం. అదే నాకిప్పుడు సిగ్గు" అంది. నేను దీని గురించి చాలా ఆలోచించాను. మధ్యలో నిలబెట్టడం ఆ ఏర్పాటులో అన్నిటికంటే తెలివైన పని. కిందివాడిని చూసి తృప్తిపడేలా చేస్తే పైవాడిని అడగడం మానేస్తాం. మన ఊరి చెరువులో రేవులు విడివిడిగా ఉండేవని మా తాత చెప్పేవాడు. ఎవరి రేవువాళ్లకి దాని దిగువ రేవు కనిపించేది. ఓడలెక్కి వచ్చినవాళ్లలో ఆ ఆఖరి రేవువాళ్లే ఎంతమందో!

అయితే అందరూ ఆ వలలో పడలేదు. 1984లో ప్రభుత్వం భారతీయులకీ, మిశ్రమ జాతివాళ్లకీ పార్లమెంటులో చెరో సభ ఇచ్చి, ఆఫ్రికన్లకి ఏమీ ఇవ్వకుండా ఎన్నికలు పెడితే, భారతీయుల్లో చాలా పెద్ద భాగం ఓటు వేయడానికే వెళ్లలేదు. ఆ సభలో చేరినవాళ్లకి దక్కిన గౌరవం ఎంతో 1987 జనవరిలో తేలిపోయింది. అలన్ హెండ్రిక్స్ అని మిశ్రమ జాతి నాయకుడు, కేబినెట్ మంత్రి, పోర్ట్ ఎలిజబెత్‌లో తెల్లవాళ్ల బీచ్‌లోకి దిగి ఈత కొట్టాడు. దేశానికి మంత్రి, కానీ ఈత కొట్టినందుకు క్షమాపణ చెప్పమని అధ్యక్షుడు బోథా పట్టుబట్టాడు. హెండ్రిక్స్ చెప్పాడు కూడా. ఆ ఏడాదే కేబినెట్ నుంచి బయటికి వచ్చేశాడు.

1989లో జనం ఇక ఆగలేదు. ఆగస్టు 2న నల్లవాళ్లు, భారతీయులు తెల్లవాళ్ల ఆసుపత్రులకి వెళ్లి మాకూ వైద్యం చేయండి అని నిలబడ్డారు. డర్బన్‌లో సముద్రం ఒడ్డునే ఉన్న అడింగ్టన్ ఆసుపత్రి అందులో ఒకటి. 19న కేప్‌టౌన్ దగ్గర స్ట్రాండ్, బ్లౌబర్గ్‌స్ట్రాండ్ బీచ్‌లకి జనం బయల్దేరారు, అపార్తీడ్‌ని ఎదిరించిన నల్లజాతి మతగురువు ఆర్చిబిషప్ టుటు కూడా వాళ్లతోనే. పోలీసులు కుక్కల్ని, కొరడాల్ని తీసుకొచ్చారు. సెప్టెంబరు 3న, ఎన్నికలకి సరిగ్గా మూడు రోజుల ముందు, ఇక్కడ అడింగ్టన్ బీచ్‌కి వేలమంది వచ్చేశారు. ఆఫ్రికన్లు, భారతీయులు, వాళ్లకి తోడుగా వచ్చిన తెల్లవాళ్లు, పిల్లాపాపలతో. ఆంటీ వెళ్లింది. ఎదురుగా తిట్టేవాళ్లు ఉన్నారు, పోలీసులు ఉన్నారు, టెన్షన్‌తో చేతులు వణికాయి అంది. "నీళ్లలోకి దిగాక చల్లగా ఉంది, అంతే. మామూలు నీళ్లే" అని నవ్వింది.

నవంబరు 16న కొత్త అధ్యక్షుడు డి క్లర్క్ బీచ్‌లు అందరికీ తెరుస్తున్నామని ప్రకటించాడు. తేదీ చూశావా? ట్రూరో ఓడ వచ్చిన రోజే, 129 ఏళ్ల తర్వాత. యాదృచ్ఛికమే, కానీ ఇక్కడి మనవాళ్లు ఆ తేదీని తలచుకోకుండా ఉండరు. తర్వాతి ఏడాది అక్టోబరులో ఆ 1953 చట్టాన్నే రద్దు చేశారు.

అంతటితో అంతా సర్దుకుందని మాత్రం అనుకోకు. 2016 జనవరిలో, కొత్త సంవత్సరం సెలవులకి బీచ్‌కి వచ్చిన నల్లవాళ్లని కోతులతో పోలుస్తూ ఒక తెల్ల రియల్ ఎస్టేట్ ఏజెంటు ఫేస్‌బుక్‌లో రాసింది. ఈక్వాలిటీ కోర్టు ఆమెని లక్షా యాభై వేల రాండ్లు కట్టమంది. చట్టం ఇప్పుడు ఇటువైపు ఉంది, అది చిన్న విషయం కాదు. జనవరి ఒకటిన ఇక్కడ ఇసుక కనపడనంత జనం. మా ఛాట్స్‌వర్త్ నుంచి, నల్లవాళ్ల కాలనీలు ఉమ్లాజీ, క్వామాషు నుంచి బస్సుల కొద్దీ వస్తారు. ఆంటీ కుటుంబం ఇప్పటికీ బిర్యానీ గుండిగతోనే వస్తుంది, కాకపోతే సౌత్ బీచ్‌కి.

చివరగా నీకో పని. కూలీల ఓడల జాబితాలు ఇక్కడ భద్రంగా ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చలు కూడా రాసి ఉంటాయి. ఆంటీ ముత్తాత వివరాలు దొరికాయి కానీ ఊరి పేరు ఇంగ్లీషు దొరల స్పెల్లింగులో పాడైపోయింది. నాకు చూస్తే చోడవరం చుట్టుపక్కల ఊరిలా ఉంది. కాగితం కాపీ దీనితో జత చేస్తున్నాను. మీ మావయ్య రెవెన్యూలో పని చేసి రిటైర్ అయ్యారు కదా, పాత ఊళ్ల పేర్లు ఆయనకి నోటికి వచ్చు. ఒక్కసారి చూపించు. ఆంటీకి డెబ్బై దాటాయి, వచ్చే శీతాకాలం మన వైపు రావాలని ఉంది. ఆలస్యం చేయకురా.

చెల్లాయికి, పిల్లలకి నా ఆశీస్సులు చెప్పు. అమ్మగారికి నమస్కారాలు.

నీ
మూర్తి