కోటేషన్‌లో కొత్త వరుస: జెడ్ బలం

కొలంబస్ దగ్గరున్న మా చిన్న షాపులో పార్టులు చేయించుకుంటున్న అందరికీ నమస్కారం. ఈ నెల నుంచి మీ కోటేషన్‌లో 'జెడ్ బలం' అని ఒక కొత్త వరుస కనిపిస్తుంది. పొరలు పొరలుగా కట్టిన పార్టును నిలువుగా, అంటే పొరలు విడిపోయేలా లాగితే ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె అది. దానివల్ల కొన్ని పార్టుల ధర పెరుగుతుంది, డెలివరీకి ఇంకో వారం పది రోజులు పడుతుంది. కొన్ని ఆర్డర్లు అసలు తీసుకోను. కారణం మీకు వివరంగా చెప్పాలి.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు మాటలు. మా పద్ధతి పేరు అల్ట్రాసోనిక్ అడిటివ్ మాన్యుఫాక్చరింగ్. ఇందులో లోహాన్ని కరిగించం. 0.15 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకును కింది పొర మీద పరిచి, సెకనుకు 20,000 సార్లు అదిరే రోలర్‌తో గట్టిగా నొక్కుతూ దొర్లిస్తాం. ఆ రాపిడికి రేకు పైనున్న సన్నటి ఆక్సైడ్ పొర చిట్లిపోయి, లోపలి లోహం లోహానికి అతుక్కుంటుంది. అవసరమైన చోట కంప్యూటర్ నడిపే సిఎన్‌సి కట్టర్‌తో గాడులు కోసి, మళ్లీ పైన రేకులు వేస్తాం. పెద్దగా వేడి పుట్టదు కాబట్టి లోపల సెన్సర్ పెట్టవచ్చు, రాగినీ అల్యూమినియాన్నీ కలపవచ్చు. మీలో చాలామంది మా దగ్గరికి వచ్చింది అందుకే.

రేకు పొడవు వెంట లాగినప్పుడు ఏ ఇబ్బందీ లేదు. పొరలను విడదీసేలా పైకి లాగినప్పుడే భారమంతా అతుకు మీద పడుతుంది. హైదరాబాద్‌లో డ్రోన్లు చేసే ఒక కస్టమర్ ఫోన్‌లో "పూతరేకులా విడిపోదు కదండీ?" అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. మామూలు 6061-టి6 దిమ్మె (6061 అనేది అల్యూమినియం మిశ్రమం, టి6 అంటే హీట్ ట్రీట్‌మెంట్‌తో గట్టిపరిచినది) దాదాపు 310 మెగాపాస్కల్స్ దాకా తట్టుకుంటుంది. మెషీన్ మీంచి అలాగే దించిన మా పార్టుకు జెడ్ దిశలో అందులో చిన్న వంతే ఉంటుంది.

రోలర్‌ను కావాలనే గరుకుగా చేస్తారు, లేకపోతే రేకును పట్టుకోలేదు. ఆ గరుకు ప్రతి పొర మీదా అచ్చు పడుతుంది. పై రేకు ఆ గుంటల్లోకి పూర్తిగా దిగకపోతే సన్నటి ఖాళీలు మిగిలిపోతాయి. అదిరే దూరం పెంచడం, నొక్కుడు పెంచడం, వేగం తగ్గించడం, కింది ప్లేటును కాస్త వేడి చేయడం, ఇవన్నీ కొంతవరకు పనిచేస్తాయి. తొలితరం మెషీన్లు ఒకటి రెండు కిలోవాట్లవి, ఇప్పుడు 9 కిలోవాట్లవి వచ్చాయి కాబట్టి అతుకు చాలా మెరుగైంది. పక్కపక్క రేకుల అంచులు ఒకదాని మీద ఒకటి పడకుండా ఇటుక గోడ కట్టినట్టు పేర్చడం మేం ముందు నుంచీ చేస్తున్నదే.

ఎత్తు సంగతి వేరు. సన్నటి గోడ ఎత్తు దాని వెడల్పుకు దగ్గరయ్యేసరికి, రోలర్‌తో పాటు గోడ కూడా ఊగడం మొదలెడుతుంది. రెండూ కలిసి ఊగితే ఇక రాపిడి ఎక్కడిది? మెషీన్‌లో ఏ సెట్టింగ్ మార్చినా దీనికి లాభం లేదు. పక్కన ఆసరాగా లోహం కట్టి, తర్వాత కోసేయాలి. ఆ రేకు ఖర్చు, మెషీన్ గంటలు ఇక మీ బిల్లులో విడిగా చూపిస్తాను.

అన్నిటికంటే బాగా పనిచేసేది హీట్ ట్రీట్‌మెంట్. 6061ను దాదాపు 530 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి, నీళ్లలో ముంచి, తర్వాత 160-175 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచాలి, దీన్ని ఏజింగ్ అంటారు. ఆ వేడికి లోహంలోని గ్రెయిన్లు, అంటే చిన్న చిన్న స్ఫటికాలు, అతుకు గీతను దాటి పెరుగుతాయి. మైక్రోస్కోప్ కింద చూస్తే గీత చాలాచోట్ల చెదిరిపోయి ఉంటుంది. ఓహాయో స్టేట్ యూనివర్సిటీ, ఓక్‌రిడ్జ్ నేషనల్ ల్యాబ్ లాంటి చోట్ల దీని మీద చాలా పని జరిగింది. వేడితో పాటు అన్నివైపుల నుంచీ గ్యాస్ ఒత్తిడి పెట్టే హిప్ పద్ధతి కూడా ఉంది కానీ మా సైజు ఆర్డర్లకు ఆ ఖర్చు దండగని నా అభిప్రాయం.

అయితే 530 డిగ్రీల్లో మీ సెన్సర్ బతకదు. రాగి-అల్యూమినియం పార్టయితే ఇంకా ఘోరం. 548 డిగ్రీల దగ్గర ఆ రెండూ కలిసిన చోట కరగడమే మొదలవుతుంది. అంతకు చాలా ముందే మధ్యలో పెళుసు పొర పెరిగిపోతుంది. అంటే ఏ సుగుణం కోసం ఈ పద్ధతికి వచ్చారో, బలం కోసం దాన్నే వదులుకోవాలి. సెన్సరూ ఉండాలి, టి6 బలమూ ఉండాలి అంటే ఆ పని నావల్ల కాదు. అలాంటి పార్టులకు వేడి పెట్టను. తక్కువ జెడ్ బలాన్నే కోటేషన్‌లో రాసిస్తాను, డిజైన్ దానికి సరిపోయేలా చేసుకోవాలి.

ఇంకో మాట చెబితే నా వ్యాపారానికే నష్టం, అయినా చెబుతాను. మీలో చాలామందికి ఆ బలం అక్కర్లేదు. లోపలి ఛానెళ్లలో ద్రవం పారి చల్లబరిచే కూలింగ్ ప్లేట్‌నే ఉదాహరణగా తీసుకోండి. ఛానెల్ వెడల్పు 6 మిల్లీమీటర్లు, మధ్య గోడ 3 మిల్లీమీటర్లు, లోపల 5 బార్ ఒత్తిడి అనుకుంటే, గోడను పైకి లాగే ఒత్తిడి సగటున 1 మెగాపాస్కల్. మూలల్లో అది ఎక్కువే ఉంటుంది, పంపు ఆగి మొదలైనప్పుడల్లా ఒత్తిడి మారి లోహం మెల్లగా బలహీనపడే అలసట కూడా ఉంటుంది. ఆ రెండూ కలిపి చూసుకున్నా హీట్ ట్రీట్‌మెంట్ లేకుండా గడిచిపోయే ప్లేట్లు చాలా ఉన్నాయి. వాటికి పాత ధరే.

పొరల్లోకి మర తీసి బోల్టుతో పైకి లాగే డిజైన్లు, బరువు వేలాడదీసే సన్నటి బ్రాకెట్లు మాత్రం ఇక తీసుకోను. బోల్టును అడుగుదాకా దించి కింద నట్ పెట్టేలా మారిస్తే మాట్లాడుకుందాం. బ్రాకెట్ అయితే దిమ్మె నుంచి కోయించుకోండి, చౌకగా కూడా వస్తుంది.

టెస్టింగ్ కూడా మారుతోంది. ఇప్పటిదాకా అడుగు నుంచి రంధ్రం చేసి పిన్‌తో నెట్టి చూసేవాళ్లం. పార్టు పొరలుగా విడిపోతుందా, గట్టి ముక్కగా తెగుతుందా అన్నది దాంతో తెలుస్తుంది, డిజైన్‌కు కావాల్సిన అంకె మాత్రం రాదు. ఇక భారం మోసే ప్రతి ఆర్డర్‌కూ అదే రేకుతో, అదే సెట్టింగులతో పక్కన ఒక దిమ్మె కట్టి, నిలువుగా శాంపిళ్లు కోసి లాగి చూస్తాం. 25 మిల్లీమీటర్ల దిమ్మె అంటే దాదాపు 167 పొరలు, అందుకే ఖర్చు.

డ్రాయింగ్ పంపేటప్పుడు భారం ఏ వైపు పడుతుందో బాణం గీసి పంపండి. పార్టు పనిచేసే ఉష్ణోగ్రత ఎంతో, లోపల ఏం పెడుతున్నారో రాయండి. ఇప్పటికే ఒప్పుకున్న ఆర్డర్లు పాత ధరకే, పాత తేదీకే వస్తాయి.