రెండో సంపుటం అచ్చయింది, కానీ పంపడం లేదు

ముందే డబ్బు కట్టి మన బొమ్మల కథ రెండో సంపుటం కోసం ఎదురుచూస్తున్న మీకు ఈ మాట నేనే చెప్పాలి. పుస్తకాలు అచ్చయి వచ్చాయి. నా గదిలో పెట్టెల్లోనే ఉన్నాయి. వాటిని మీకు పంపను.

కారణం ఒక్క రంగు. మన కథలో మనుషులు లేరు కదా. ఊసరవెల్లి పిల్ల అబద్ధం ఆడినప్పుడల్లా దాని గొంతు కింద నీలం కలిసిన పచ్చ వెలుగు పుడుతుంది. పక్కనే నడిచే ముంగిసకీ ఎలుగుబంటికీ అది బూడిద రంగే. చాలా క్షీరదాల కళ్లలో రంగును పసిగట్టే కోన్ కణాలు రెండు రకాలే ఉంటాయి, మనకు మూడు. ఈ తేడా పట్టుకునే ఆ నియమం అల్లుకున్నాను. అబద్ధం సంగతి చదివేవాళ్లకు తెలుసు, దాని నేస్తాలకు తెలియదు. రెండో సంపుటం అంతా దీని మీదే నడుస్తుంది.

తెర మీద మెరిసే ఇలాంటి రంగు సయాన్, మజెంటా, పసుపు, నలుపు ఇంకులతో కాగితం మీదికి రాదు. అందుకే ఐదో ఇంకుగా ఫ్లోరోసెంట్ స్పాట్ కలర్, అంటే ముందే కలిపి విడిగా అద్దే మెరుపు ఇంకు, అడిగాను, ఫైల్లో దాన్ని విడిగా పెట్టాను, దానికి వేరే ప్లేటు (ఇంకును కాగితం మీదికి దించే అచ్చు రేకు) కావాలని రాసి కూడా ఇచ్చాను. ప్రెస్సులో సాఫ్ట్‌వేర్ దాన్ని మామూలు నాలుగు ఇంకుల్లో కలిపేసింది. ఎవరూ చూసుకోలేదు. వెలుగు పోయి బూడిద మిగిలింది. అంటే మిమ్మల్నందరినీ ముంగిసల్ని చేశారు!

ప్రెస్సువాళ్లను అడిగితే, "బొమ్మల పుస్తకమే కదండీ, అంత తేడా ఎవరు చూస్తారు?" అన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

నా తప్పూ ఉంది. అచ్చుకు ముందు చూపించే నమూనాలో, అదే ప్రూఫ్‌లోనూ రంగు చచ్చినట్టే ఉంది. "మెషీన్ మీద వస్తుంది లెండి" అంటే నమ్మాను. మొదటి షీటు దిగేటప్పుడు అక్కడ నిలబడాల్సింది, వెళ్లలేదు.

చాలా రాత్రులు నిద్ర పట్టలేదు. వెలుగు బదులు తోక చుట్టుకున్నట్టు గీస్తే సరిపోతుందేమో అని నాలుగు పేజీలు మార్చి చూశాను. బొమ్మలు బాగానే వచ్చాయి, కథే కుప్పకూలింది. తోక ముంగిసకూ కనబడుతుందిగా! పోనీ ఒక చీటీ పెట్టి, "ఇక్కడ పచ్చగా ఊహించుకోండి" అని రాద్దామా అనుకున్నాను. సిగ్గేసింది. చివరికి మొత్తం మళ్లీ అచ్చు వేయించాలనే తేల్చుకున్నాను, ఇంకో ప్రెస్సులో.

దీనికి మీ దగ్గర అదనంగా ఏమీ తీసుకోను. విరాళాలు పోగుచేద్దామని ఒకరిద్దరు ప్రేమగా అన్నారు, వద్దు. తగ్గింపు ధరకు ఈ పాత ప్రతులే ఇమ్మన్నవాళ్లకూ అదే జవాబు. డబ్బు వెనక్కి కావాలంటే, ఆర్డరు పెట్టిన మెయిల్ నుంచి ఒక్క లైను రాయండి చాలు, కారణం అడగను. వారం వారం వచ్చే పేజీలు ఎప్పటిలాగే వస్తాయి.

తేదీ మాత్రం ఇప్పుడు చెప్పను. ఈసారి మెషీన్ పక్కనే నిలబడతాను. మొదటి షీటు మీద ఆ గొంతు వెలగడం నా కళ్లతో చూశాక, ఆ షీటు ఫొటోతో పాటే తేదీ చెబుతాను.