ముందు ఆ మైకు సౌండు తగ్గించండి

సంపాదకులు గారికి,

పిల్లల సభలో గొడవ గురించి మీరు వేసిన వార్తా, దాని మీద ఈ శీర్షికలోనే వచ్చిన రెండు ఉత్తరాలూ చదివాను. అప్పుడే రాసి ఉంటే మీరు అచ్చు వేసుకునే భాషలో ఉండేది కాదు, అందుకే కొన్నాళ్లు ఆగాను. కోపం పూర్తిగా తగ్గిందని మాత్రం చెప్పలేను.

జరిగింది అందరికీ తెలిసిందే. మైకు ఒక్కసారిగా కీచుమంది. ఓ పాప చెవులు మూసుకుని కుర్చీ కిందికి దూరి అరిచింది. నిర్వాహకులు పరుగున వచ్చి, తల్లిని పాపతో సహా బయటికి పంపించారు. ఇంతమందిలో మైకు దగ్గరికి వెళ్లాలని ఒక్కరికీ తోచలేదు. మీ విలేకరి దానికి ‘చిన్నారి పేచీతో సభకు అంతరాయం’ అని పేరు పెట్టారు. అంతరాయం కలిగించింది మైకా, పాపా?

రెండు దెబ్బలు వేస్తే ఇలాంటివన్నీ సర్దుకుంటాయని ఒక పాఠకుడు సెలవిచ్చారు. మా మనవరాలికీ ఇదే ఇబ్బంది ఉంది కాబట్టి ఆయనకు కొంచెం చెప్పాలి. శబ్దం, వెలుగు, స్పర్శ లాంటివి కొందరు పిల్లలకు మరీ ఎక్కువగానో, మరీ తక్కువగానో తెలుస్తాయి, దీన్నే ‘సెన్సరీ ప్రాసెసింగ్’ సమస్య అంటారు. కొత్త గౌను మెడ వెనక ఉండే లేబుల్ కత్తెరతో కత్తిరిస్తే చాలదు. కుట్టులో మిగిలిపోయిన ముక్క ఇంకా ఎక్కువ గుచ్చుకుంటుంది. మా కోడలు బ్లేడు పట్టుకుని ఆ కుట్టు పోగు పోగుగా విప్పుతుంది. సాక్సులు తిరగేసి తొడుగుతుంది, లోపలి కుట్టు కాలివేళ్లకు తగలకుండా. అదే పిల్ల ఉయ్యాల ఎంతసేపు ఊగినా కళ్లు తిరుగుతున్నాయని అనదు, రెండు పరుపుల మధ్య దూరి గట్టిగా నొక్కమంటుంది. ఒక స్పర్శ అసలు పడదు, ఇంకొకటి ఎంత ఉన్నా చాలదు. ఏది ఏ పిల్లకు ఎలా ఉంటుందో కనిపెట్టి చూడాల్సిందే. దెబ్బతో తేలేది కాదు.

పేచీకీ దీనికీ తేడా చూసేవాళ్లకు తెలుస్తుంది. పేచీ పెట్టే పిల్ల ఓ కంట మనల్ని గమనిస్తూ ఉంటుంది, అడిగింది ఇస్తే ఊరుకుంటుంది. ఇది ఏమిచ్చినా ఆగదు, ఎవరూ చూడకపోయినా ఆగదు. ఆ సమయంలో పాఠాలు చెప్పకూడదు. శబ్దం తగ్గించి, వెలుగు తగ్గించి, మాటలు తగ్గించి పక్కన కూర్చోవాలి. బడిలో పగలంతా బిగబట్టుకుని ఇంటికొచ్చి బద్దలయ్యే పిల్లలూ ఉంటారు. వాళ్ల గురించి టీచర్లు చెప్పే మాట ఒకటే: ‘మా దగ్గర బాగానే ఉంటుందండీ.’ అంటే తప్పంతా ఇంట్లోనే అన్నమాట.

రెండో ఉత్తరం రాసినాయన చదువుకున్నవారిలా ఉన్నారు. అసలు అలాంటి జబ్బే లేదని తేల్చేశారు. ఆయన చెప్పింది సగం నిజం. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2012లో దీన్ని విడి జబ్బుగా నిర్ధారించవద్దనే వైద్యులకు సూచించింది. మానసిక సమస్యల నిర్ధారణకు అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వేసే పుస్తకం డీఎస్ఎం-5 2013లో వచ్చింది, అందులోనూ దీనికి విడిగా చోటు లేదు. కానీ అదే పుస్తకం ఆటిజం లక్షణాల్లో శబ్దానికీ స్పర్శకూ అతిగానో, మరీ తక్కువగానో స్పందించడాన్ని చేర్చింది. ఆటిజం లేని పిల్లల్లోనూ ఈ ఇబ్బంది కనిపిస్తుంది. జీన్ ఎయిర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే చికిత్స నిపుణురాలు) 1972లోనే దీని మీద పుస్తకం రాశారు. పేరు మీద వైద్యులు ఎంతకాలమైనా వాదించుకోనివ్వండి, పిల్ల చెవికి నొప్పి పుట్టడం మాత్రం ఆ వాదన తేలేదాకా ఆగదు కదా.

పిల్లలు వేషాలు వేస్తున్నారనేవాళ్లకు ఇంకో సంగతి. కెనడాలో 13 ఏళ్ల అమ్మాయి ఒకరు, మరుగుదొడ్లలో చేతులు ఆరబెట్టే మెషిన్ల శబ్దాన్ని పిల్లల చెవుల ఎత్తులో కొలిచి, 2019లో ఓ వైద్య పత్రికలో ప్రచురించింది. కొన్ని మెషిన్లు 100 డెసిబెల్స్ దాటాయి. చెవులు నొప్పెడుతున్నాయని పిల్లలు చెప్పేది నిజమేనని ఆ వ్యాసం శీర్షికలోనే ఉంది. అంత పొడుగున్న పెద్దలకు తట్టని ఆలోచన అది.

అలాగని ఈ పేరుతో సాగే వ్యాపారాన్ని నేను వెనకేసుకు రావడం లేదు. బరువు దుప్పట్లు కప్పితే పిల్లలు హాయిగా నిద్రపోతారని ఊదరగొడుతున్నారు. ఆటిజం ఉన్న పిల్లల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి. దుప్పటి పిల్లలకూ తల్లిదండ్రులకూ నచ్చింది, నిద్ర మాత్రం పెరగలేదు. నచ్చితే కప్పుకోవచ్చు, అంతవరకే. మంచి థెరపిస్ట్ ఎవరైనా ముందు పిల్లకు అన్నం తినడం, బట్టలు వేసుకోవడం, బడిలో కూర్చోవడం ఎక్కడ కష్టమవుతోందో అడుగుతారు. కొన్నాళ్లకు అందులో మార్పు వచ్చిందో లేదో చూస్తారు. వస్తువుల జాబితా చేతికిచ్చేవాళ్లతో జాగ్రత్త.

ఇక మన అధికారుల సంగతి. నేనూ ఉద్యోగమంతా ఫైళ్లతో గడిపినవాణ్ణే, అయినా వీళ్ల దగ్గర ఓడిపోయాను. మనవరాలి సీటు సరిగ్గా బెల్లు కింద ఉంది, మార్చమన్నాం. సీట్లు రోల్ నంబరు ప్రకారమట, మార్చాలంటే పై నుంచి ఆర్డరు రావాలట. పోనీ చెవులకు ఇయర్‌మఫ్స్ పెట్టుకోనివ్వమన్నాం. క్రమశిక్షణ దెబ్బతింటుందట! పై ఆఫీసుకు వెళితే అది బడి స్థాయిలో తేల్చుకోవాల్సిన విషయమని వెనక్కి పంపారు. ఒక కుర్చీ జరపడానికి ఇంత యంత్రాంగం. ఇదే శాఖ ఇలాంటి పిల్లలు కుదుటపడటానికి ‘సెన్సరీ రూమ్’ అని ఒక గదికి రంగులు వేసి, రిబ్బన్ కట్ చేసి, ఫొటోలు దిగింది. ఆ ప్రారంభోత్సవానికి పెట్టిన లౌడ్‌స్పీకర్ల హోరుకు ఆ గది ఎవరి కోసమో ఆ పిల్లలే నిలవలేక వెళ్లిపోయారు. ఇప్పుడు దానికి తాళం. తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉంటారు. ఎప్పుడు వెళ్లినా సెలవులోనే ఉంటారు. ఆఫీసు వరండాలో ట్యూబ్‌లైటు టపటపలాడుతూనే ఉంటుంది, దాన్ని మార్చేవాళ్లు లేరు గానీ కింద ‘నిశ్శబ్దం పాటించండి’ అని బోర్డు మాత్రం ఉంది.

మేం అడిగేవి ఖర్చుతో పని లేనివి. సభల్లో మైకు పరీక్షలు పిల్లలు వచ్చి కూర్చోకముందే అయిపోవాలి. తలుపు దగ్గర నాలుగు సీట్లు వదిలిపెడితే, బయటికి వెళ్లిన పిల్ల కుదుటపడ్డాక మళ్లీ లోపలికి రావచ్చు. బడిలో ఫైర్ డ్రిల్ ఉంటే ముందురోజే ఇంటికి కబురు చేస్తే చాలు. ఇయర్‌మఫ్స్ విషయంలో కళ్లజోడుకు లేని అభ్యంతరం దీనికెందుకో ఎవరైనా రాసి ఇవ్వాలి. నోటితో కాదు, కాగితం మీద, సంతకంతో. ఆ కాగితం అందితే మీకే పంపిస్తాను, ప్రచురించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉద్యోగి